హోస్ట్ ఇంట్లో నోరు విప్పితే తిప్పి పంపేస్తారా?

ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంకి ఎంపికై, అక్కడి ఒక హోస్ట్ కుటుంబం ఇంట్లో ఉండి చదువుకోవడానికి ఆగస్టులో అమెరికా విమానం ఎక్కే పిల్లలకు జూన్ నుంచే సలహాలు మొదలవుతాయి. బంధువులు, సీనియర్లు, ముక్కూముఖం తెలియని వాట్సాప్ గ్రూపులు, అందరిదీ ఒకటే పాట: "హోస్ట్ ఇంట్లో ఏ ఇబ్బంది ఉన్నా సర్దుకుపో. కంప్లయింట్ చేశావంటే మర్నాడే తిప్పి పంపేస్తారు."

పదిహేను, పదహారేళ్ల పిల్లలకు ఇంతకంటే చెడ్డ సలహా ఇంకొకటి ఉండదు. దీన్ని నమ్మిన పిల్లలు మొదటి వారాలు అర్ధాకలితో పడుకుంటారు. చలేస్తే ఇంకో దుప్పటి అడగరు. జ్వరం వస్తే దాస్తారు. చిన్న ఇబ్బంది దాచడం అలవాటైన పిల్ల రేపు పెద్ద ప్రమాదం ఎదురైనా దాస్తుంది. నాకు కోపం అందుకే.

అసలు ఏర్పాటు ఎలా ఉందో చూడండి. హైస్కూల్ పిల్లలు ఏడాది చదువుకు వెళ్లేది జే-1 వీసా మీద. 2002లో మొదలైన కెన్నెడీ-లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ అండ్ స్టడీ కార్యక్రమంలో మన గురుకులాల పిల్లలు కూడా వెళ్లి వచ్చింది ఈ దారిలోనే. ఈ వీసాకు అమెరికా విదేశాంగ శాఖ రాసిపెట్టిన నియమావళి ఉంది. హోస్ట్ ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి మనిషికీ నేర చరిత్ర తనిఖీ జరగాలి. ముందుగా ఇంటికి వెళ్లి చూడాలి, అందరితో మాట్లాడాలి. వచ్చిన పిల్లకు తన సొంత మంచం ఉండాలి. ఆ ఇంటికి 120 మైళ్ల లోపు ఒక లోకల్ కోఆర్డినేటర్ ఉండాలి. ఆ మనిషి నెలకు ఒక్కసారైనా పిల్లతో మాట్లాడాలి, హోస్టులతోనూ మాట్లాడాలి. చేతికిచ్చే గుర్తింపు కార్డు మీద పిల్లను తీసుకెళ్లే స్పాన్సర్ సంస్థ నంబరు, విదేశాంగ శాఖ నంబరు ఉండి తీరాలి. వేధింపును ఎలా గుర్తించాలో, ఎవరికి చెప్పాలో ఓరియెంటేషన్‌లోనే వివరించాలి.

పిల్లలు ఏమీ చెప్పకూడదన్నదే ఉద్దేశమైతే ఇంత యంత్రాంగం ఎందుకు పెడతారు? కోఆర్డినేటర్ నెలనెలా ఫోన్ చేసి "ఎలా ఉన్నావు?" అంటే, "అంతా బాగుంది" అని అబద్ధమాడమని నేర్పి పంపిస్తున్నది మనమే.

ఇబ్బంది చెబితే జరిగేది ఇది. కోఆర్డినేటర్ పిల్ల మాట వింటారు, హోస్టుల మాట వింటారు, అవసరమైతే అందరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు. చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే ఇల్లు మారుస్తారు. ఇల్లు మారడమంటే ఇండియాకు తిరిగి రావడమని ఊహించుకుని భయపడుతున్నారు. ఆ రెండూ ఒకటి కాదు. పిల్లలు మధ్యలో వెనక్కి వచ్చే సందర్భాలు లేకపోలేదు. ముఖ్యంగా నియమాలు మీరినప్పుడు అలా జరగవచ్చు. స్పాన్సర్ సంస్థల్లో ఒకటైన ఏఎఫ్ఎస్ పిల్లలకు మూడు గట్టి నిషేధాలు పెడుతుంది: మత్తు పదార్థాలు ముట్టకూడదు, వాహనం నడపకూడదు, దారిన పోయే బండ్లను ఆపి లిఫ్ట్ అడగకూడదు. ఆకలేస్తోందని చెప్పకూడదన్న నిషేధం ఎక్కడా లేదు.

ఆకలి గురించి ఇంకొంచెం చెప్పాలి, మన పిల్లలు మొదట దెబ్బతినేది అక్కడే. మన ఇళ్లలో మొదటిసారి వద్దనడం మర్యాద, మళ్లీ వడ్డించడం ఇంకా మర్యాద. అక్కడ వద్దంటే వద్దనే అర్థం. గిన్నె పక్కకు జరిపేస్తారు, అందులో కోపమూ లేదు, నిర్లక్ష్యమూ లేదు. సాయంత్రం ఆరింటికే భోజనం అయిపోతుంది. రాత్రి పదింటికి కడుపు కాలుతున్న పిల్ల ఫ్రిజ్ తెరవడానికి మొహమాటపడి నీళ్లు తాగి పడుకుంటుంది. పొద్దున ఆ ఇంటావిడకు ఆ సంగతే తెలియదు. తెలిస్తే బాధపడుతుంది. అందుకే మొదటి రోజే అడగాలి: ఫ్రిజ్‌లో ఏవి తీసుకోవచ్చు, స్టవ్ వాడవచ్చా, బడికి మధ్యాహ్నం భోజనం ఎవరు సర్దాలి? శాకాహారులైతే మాంసం ముక్కలు ఏరి పక్కన పెట్టిన కూర కూడా తినలేమని విడమరిచి చెప్పాలి. వారానికోసారి పప్పూ అన్నం నేనే వండుతానంటే ఆనందంగా ఒప్పుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

చిల్లర అపోహలు మరికొన్ని. "డబ్బు కోసమే పెట్టుకుంటారు": జే-1 హైస్కూల్ ప్రోగ్రాంలో హోస్టులకు జీతం ఉండదు, పన్ను లెక్కలో నెలకు 50 డాలర్ల దాకా చూపుకునే వీలు మాత్రం ఉంది. కెనడా, ఆస్ట్రేలియాల్లో డబ్బు కట్టే హోంస్టేలు వేరే ఏర్పాటు, అక్కడ అడగడానికి అసలే సంకోచం అక్కర్లేదు. "గిన్నెలు తోమిస్తే పనిమనిషిని చేసినట్టే": వాళ్ల పిల్లలూ తోముతారు. "చర్చికి వెళ్లకపోతే ఊరుకోరు": పిలుస్తారు, రాలేనని చెప్పవచ్చు. "ఖరీదైన కానుకలు పట్టుకెళ్లాలి": అక్కర్లేదు.

రోజూ ఇంటికి ఫోన్ చేస్తే బెంగ పెరుగుతుందన్న మాటను కూడా కొట్టేయాలనే ఉంది, కానీ కొట్టేయలేను. అందులో నిజముంది. మనకు ఉదయం ఆరున్నర అయినప్పుడు న్యూయార్క్ వైపు వేసవిలో రాత్రి తొమ్మిది. హోస్ట్ కుటుంబం హాల్లో కూర్చుని కబుర్లాడే వేళ అది. సరిగ్గా అప్పుడే పిల్ల గది తలుపేసుకుని అమ్మతో గంట మాట్లాడితే, ఆ ఇంటికి ఎప్పటికీ దగ్గర కాలేదు. మొదటి నెల వారానికి ఒకటి రెండు సార్లు, శని ఆదివారాల్లో తీరిగ్గా మాట్లాడుకోండి. అయితే ఈ నియమం కబుర్లకే. కష్టమొస్తే ఏ వేళైనా చేయమని పిల్లకు గట్టిగా చెప్పండి.

మామూలు ఇబ్బందులను ముందు హోస్టులతోనే చెప్పాలి, అదే రోజు, మర్యాదగా. తీరకపోతే కోఆర్డినేటర్‌కి. ఎవరైనా ఒంటి మీద చేయి వేసినా, బెదిరించినా, ఫోన్ లాక్కున్నా ఇంట్లో చర్చ పెట్టకూడదు, నేరుగా కోఆర్డినేటర్‌కి గానీ కార్డు మీది నంబరుకు గానీ ఫోన్ చేయాలి. ప్రాణభయముంటే 911.

తల్లిదండ్రులారా, సర్దుకుపొమ్మని చెప్పి పంపకండి. కోఆర్డినేటర్ నంబరు మీ ఫోన్‌లో, మీ పిల్ల ఫోన్‌లో, ఒక కాగితం మీద రాసి పెట్టుకుని అప్పుడు విమానం ఎక్కించండి.