పేర్లు రాయని పార్సిల్

హైదరాబాద్ ప్రగతి నగర్‌లో ఉండే ఉద్యోగి ఒకరు పొద్దున్నే రాయదుర్గం వెళ్లడానికి క్యాబ్ యాప్ తెరిచి, సేవ్ చేసుకున్న చిరునామాను నొక్కారనుకుందాం. మరుక్షణం ఇంకో స్క్రీన్ వస్తుంది, పైన అదే చిరునామా ఉంటుంది. రెండు స్క్రీన్లూ ఒకే యాప్‌వి కాబట్టి సమాచారం ఒకదాని నుంచి ఇంకోదానికి నేరుగా వెళ్లిపోయి ఉంటుందని అనుకుంటాం. కానీ ఆండ్రాయిడ్‌లో ఒక్కో స్క్రీన్‌నూ ఒక యాక్టివిటీగా కట్టిన యాప్‌లో అలా జరగదు. చిరునామా ముందు బైట్ల వరుసగా మారుతుంది. యాప్ దాటి సిస్టమ్ సర్వర్ అనే వేరే ప్రాసెస్‌లోకి వెళ్తుంది. ఈ స్క్రీన్ తెరవడానికి అనుమతి ఉందా, దాన్ని ఎక్కడ తెరవాలి అన్నవి అక్కడ తేలాక, ఆ బైట్లు మళ్లీ అదే యాప్‌లోకి తిరిగొస్తాయి. ఈ రాకపోకల్లో బైట్లను మోసే కట్ట పేరు పార్సిల్.

పక్క గదికి వెళ్లడానికి ఊరంతా తిరగడం ఎందుకని కొత్తగా నేర్చుకునేవాళ్లు అడుగుతారు. జవాబు 2008లో ఉంది. ఆ ఏడు వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ టీ-మొబైల్ జీ1 మొత్తం ర్యామ్ 192 మెగాబైట్లే. ఒక్కో యాప్‌కు దక్కే హీప్, అంటే తన డేటా పెట్టుకునే చోటు, 16 మెగాబైట్లు. అంత ఇరుకులో పది యాప్‌లు ఒకేసారి బతకలేవు. అందుకని వెనక్కి పోయిన యాప్‌ను సిస్టమ్ నిర్దాక్షిణ్యంగా చంపేస్తుంది. వాడే మనిషికి మాత్రం ఆ సంగతి తెలియకూడదు. తిరిగి వచ్చినప్పుడు అదే స్క్రీన్ అదే సమాచారంతో కనిపించాలి. అంటే ఆ సమాచారం నకలు ఒకటి, చచ్చిపోయే యాప్ దగ్గర కాకుండా, బతికుండే సిస్టమ్ దగ్గర ఉండి తీరాలి.

ఇది తెలియక ‘స్టాటిక్ వేరియబుల్‌లో పెట్టేస్తే పోలా’ అనుకునేవాళ్లకు కొదవలేదు. ఆఫీసులో టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వాడేవాళ్లు జేఎన్‌టీయూ మెట్రో స్టేషన్‌లో కెమెరా తెరిచి, నాలుగు ఫొటోలు తీసి, యాప్‌లోకి తిరిగొచ్చేసరికి అక్కడ చిరునామా ఉండదు, యాప్ క్రాష్ అవుతుంది.

ఇంతకీ ఆబ్జెక్ట్‌ను బైట్ల వరుసగా మార్చడం అంటే ఏమిటి? అద్దె ఇల్లు మారేటప్పుడు పెద్ద మంచం తలుపులో పట్టదు, విప్పి తీసుకెళ్లి అక్కడ బిగించుకోవాలి. ఏ ముక్క ఎక్కడిదో చీటీ అంటించి పంపవచ్చు. చీటీల్లేకుండా, విప్పిన వరుస గుర్తుపెట్టుకుని అదే వరుసలో బిగించవచ్చు. జావా మొదటి దారి పట్టింది. ఆండ్రాయిడ్ రెండోది పట్టింది.

జావాలో సీరియలైజబుల్ అనే ఏర్పాటు 1997లో జేడీకే 1.1తో వచ్చింది. రాసేవాడు చేయాల్సిందల్లా క్లాస్ పక్కన ఒక్క మాట చేర్చడమే. మిగతాదంతా జావానే రిఫ్లెక్షన్‌తో తవ్వి తీస్తుంది. క్లాస్ పేరు, ఒక్కో ఫీల్డ్ పేరు, దాని రకం, వెర్షన్ నంబరు అన్నీ బైట్లలోకి ఎక్కుతాయి. సౌకర్యమే గానీ, చీటీల బరువు సామాను బరువును మించిపోతుంది. భద్రత సంగతి సరేసరి. ఒరాకిల్‌లో జావా ప్రధాన రూపశిల్పి మార్క్ రైన్‌హోల్డ్ 2018లో దీన్ని 1997 నాటి ఘోరమైన పొరపాటుగా వర్ణించారు.

పార్సిల్ వంశవృక్షం వేరు. ఆపిల్‌ను వదిలి వచ్చిన జాన్-లూయీ గాసే 1990లో పెట్టిన బీ అనే కంపెనీలో దాని మూలాలున్నాయి. 1996లో ఆపిల్ బీని కొనబోయి, మనసు మార్చుకుని స్టీవ్ జాబ్స్ నెక్స్ట్‌ను కొంది. బీ చతికిలబడింది. 2001లో పామ్ సంస్థ దాని ఆస్తులను 1.1 కోట్ల డాలర్లకు తీసుకుంది. బీలో జార్జ్ హాఫ్‌మన్ మొదలుపెట్టిన బైండర్ అనే పని, అంటే వేరువేరు ప్రాసెస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి, ఇంజనీర్లతో పాటు పామ్‌కు వెళ్లింది. అక్కడ దాని మీద కట్టిన పామ్ ఓఎస్ కోబాల్ట్‌తో ఒక్క ఫోన్ కూడా అంగడికి రాలేదు. 2005లో ఓపెన్‌బైండర్ పేరుతో కోడ్‌ను బయటపెట్టారు. ఆ పనిలో ఉన్న డయాన్ హాక్‌బార్న్ ఆ తర్వాత గూగుల్‌లో ఆండ్రాయిడ్ జట్టులో చేరారు. ఆండ్రాయిడ్ కోసం బైండర్‌ను మళ్లీ కొత్తగా రాశారు; పార్సిల్ అందులో ప్రయాణించే కట్టే. రెండు కంపెనీల్లో అక్కరకు రాని సరుకు మూడోచోట ఫోన్‌కు వెన్నెముకైంది.

పార్సిల్ పొదుపు చూడాలంటే ‘ప్రగతి నగర్’ అన్న మాటనే దాంట్లో రాసి చూద్దాం. కంప్యూటర్ లెక్కలో అది 11 యూనిట్లు: వత్తులు, గుడులు, పొల్లులు, మధ్యలో ఖాళీ అన్నీ కలిపి. పొడవు చెప్పడానికి 4 బైట్లు, ఒక్కో యూనిట్‌కు 2 చొప్పున 22, ముగింపు గుర్తుకు 2, మొత్తం 28. అది చిరునామా అని గానీ, ఊరని గానీ ఎక్కడా రాసి ఉండదు. జావా పద్ధతిలో తెలుగు యూనిట్‌కు 3 బైట్లు పడతాయి కాబట్టి పొడవు, రకం గుర్తులు కలుపుకుని ఈ మాట ఒక్కటే 34 బైట్లు తీసుకుంటుంది, క్లాస్, ఫీల్డ్ పేర్లు అదనం. తెలుగుకు తెలియకుండానే జరిగిన మేలిది.

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని మాదాపూర్‌లో ఇంటర్వ్యూకు వెళ్లినవాళ్లకు ‘సీరియలైజబుల్‌కీ పార్సెలబుల్‌కీ తేడా ఏమిటి’ అన్న ప్రశ్న బాగా తెలుసు. రెండోది, అంటే పార్సిల్ పద్ధతి, పది రెట్లు వేగం అని బట్టీపట్టిన జవాబు వస్తుంది. నా ఉద్దేశంలో అది మార్కులు తెచ్చే జవాబే తప్ప అసలు జవాబు కాదు. ఒక చిరునామా పంపడంలో ఆ తేడా కంటికి ఆనదు. అసలు సంగతి ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చిందన్నది. పేర్లు రాయకపోవడం నుంచి వచ్చింది. పార్సిల్ కష్టాలు కూడా అక్కడి నుంచే మొదలయ్యాయి.

మొదటి కష్టం చిన్నది, చోటుకు సంబంధించింది. బైండర్ రాకపోకలకు ఒక్కో ప్రాసెస్‌కు కేటాయించినది సుమారు 1 మెగాబైట్, అదీ ఆ క్షణాన నడుస్తున్న అన్ని లావాదేవీలకూ కలిపి. పెద్ద ఫొటోను ఇంటెంట్‌లో, అంటే స్క్రీన్ తెరవమని పంపే అభ్యర్థనలో, పెట్టి పంపితే చాలు, యాప్ కూలుతుంది. చాలాకాలం ఇలాంటివి చప్పుడు లేకుండా విఫలమయ్యేవి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి, స్క్రీన్ దాచుకునే స్థితి మరీ పెద్దదైతే తప్పును మొహం మీదే చెప్పడం మొదలైంది.

రెండో కష్టం పెద్దది. రాసే వరుస, చదివే వరుస ఒకటే అన్న నమ్మకం మీదే అంతా నడుస్తుంది. ఆండ్రాయిడ్ సొంత కోడ్‌లోనే డీసీపారమ్‌ఆబ్జెక్ట్ అనే క్లాస్ 8 బైట్ల సంఖ్యను రాసి, చదివేటప్పుడు 4 బైట్లే చదివేది. మిగిలిన 4 బైట్లు తర్వాతి విలువలోకి జరిగిపోతాయి. సిస్టమ్ ఒక కట్టను విప్పి, పరీక్షించి, మళ్లీ కట్టి పంపుతుంది కదా. దొంగ యాప్ ఆ జరుగుడును లెక్కగట్టుకుని, మొదటిసారి విప్పినప్పుడు అమాయకంగా, రెండోసారి విప్పినప్పుడు ప్రమాదకరంగా కనిపించే కట్టను తయారుచేస్తుంది. కాపలా చూసేది ఒకటి, లోపలికి వెళ్లేది ఇంకొకటి. సిస్టమ్ అధికారంతో ఏ స్క్రీన్‌నైనా తెరిపించవచ్చు. ఈ లొసుగు భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2017-13315గా నమోదైంది. అలాంటిదే ఇంకొకటి వర్క్‌సోర్స్ అనే క్లాస్‌లో దొరికింది. 2023 మార్చిలో చైనా షాపింగ్ యాప్ పిన్‌డువోడువోను గూగుల్ ప్లే నుంచి నిలిపివేసినప్పుడు, ప్లే బయట పంచిన ఆ యాప్ కాపీల్లో ఈ రెండో లొసుగును వాడుకునే కోడ్ ఉందని పరిశోధకులు చూపారు.

నాలుగు బైట్ల తేడాకు ఇంత కథ ఉంటే, చేత్తో ఆ వరుసలు రాసే పని మనిషికి వదలకూడదని ఎవరికైనా అనిపిస్తుంది. కోట్లిన్ భాషలో పార్సెలైజ్ అన్న గుర్తు పెడితే రాయడం, చదవడం రెండూ కంపైలరే పుట్టిస్తుంది. ఆండ్రాయిడ్ 13, 2022లో, ఇంకో అడుగు వేసింది: కట్టలోని ఒక్కో క్లిష్టమైన విలువకూ ముందు దాని పొడవు రాస్తారు, అడిగినప్పుడే విప్పుతారు. ఒకటి తప్పినా దాని హద్దు దాటి పక్కదాన్ని చెడగొట్టలేదు.

ఇప్పుడు కొత్త యాప్‌లలో చాలావరకు ఒక్క యాక్టివిటీలోనే అన్ని స్క్రీన్లూ కడుతున్నారు. చిరునామా మొత్తం పంపరు, దాని నంబరు ఒక్కటే పంపి మిగతాది ఫోన్‌లోని డేటాబేస్ నుంచి తెచ్చుకోమంటారు. గూగుల్ సలహా కూడా అదే. దాంతో స్క్రీన్ల మధ్య పార్సిల్ మోత తగ్గింది. నోటిఫికేషన్లు, లొకేషన్, కెమెరా, వచ్చే ఫోన్ కాల్ మాత్రం యాప్‌కూ సిస్టమ్‌కూ మధ్య ఇప్పటికీ దాని మీదుగానే నడుస్తున్నాయి. బీలో బైండర్‌ను మొదలుపెట్టింది కూడా ఆ పనికే.