వస్వసాకు జవాబు ఇవ్వకండి

 



ఈ రోజు ప్రసంగాన్ని నా పొరపాటుతోనే ప్రారంభిస్తున్నాను. మద్రసా చదువు ముగించి ఇమామత్ బాధ్యత చేపట్టిన తొలి సంవత్సరాల్లో మా మస్జిద్‌కు ఒక యువకుడు వచ్చేవాడు. అజాన్‌కు ముందే వచ్చి వుజూకు కూర్చునేవాడు. ఇఖామత్ అయ్యేది, జమాఅత్‌లో మొదటి రకఅత్ గడిచిపోయేది. అతను మాత్రం కుళాయి దగ్గరే ఉండేవాడు. మోచేయి తడిసిందో లేదో, చీలమండ దగ్గర పొడి మిగిలిందేమో అని కడిగిన చోటే మళ్లీ మళ్లీ కడిగేవాడు. ఒకరోజు, "హజ్రత్, నా వుజూ అయినట్టేనంటారా?" అని అడిగాడు. "అనుమానం ఉంటే మరోసారి చేసుకో బాబూ, మనసుకు తృప్తిగా ఉంటుంది" అన్నాను. దయతోనే అన్నాను. కానీ ఆ మాట అతని పాలిట మందు కాలేదు, విషమైంది. ఒకసారి రెండుసార్లయింది, రెండు పదయ్యాయి. చివరకు నమాజ్ వేళ అంటేనే భయపడి మస్జిద్‌కు రావడం మానేశాడు.

ఆ సలహాలో లోపమేమిటో గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది. దానినే ఈ రోజు మీ ముందుంచుతున్నాను.

ఆలోచన రావడం వేరు, దానిని కోరడం వేరు

దివ్య ఖుర్ఆన్‌లోని చివరి సూరా 'అన్‌నాస్' మానవుల హృదయాలలో దుష్ప్రేరణలు రేకెత్తించేవాని కీడు నుండి అల్లాహ్ శరణు వేడుకోవాలని మనకు నేర్పింది. అక్కడ వానికి 'ఖన్నాస్' అనే పేరు వచ్చింది. అంటే వెనక్కి తగ్గేవాడు, దాగుకొనేవాడు. దైవస్మరణ జరిగినప్పుడు వాడు తగ్గుతాడనీ, మనిషి ఏమరుపాటులో పడినప్పుడు తిరిగి వస్తాడనీ వ్యాఖ్యాతలు వివరించారు. రావడం, పోవడం వస్వసా స్వభావమే. కనుక మనసులోకి చెడు ఆలోచన ఎన్నడూ రాకుండా చేస్తామని ఎవరూ ఎవరికీ హామీ ఇవ్వలేరు. ధర్మం మనల్ని ఆ పని అడగనూ లేదు.

సహచరులలో కొందరు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, నోటితో పలకడానికి సైతం వణుకు పుట్టే ఆలోచనలు తమ మనసుల్లో కలుగుతున్నాయని మొర పెట్టుకున్న సంఘటన 'సహీహ్ ముస్లిం'లో ఉంది. ఆయన వారిని గద్దించలేదు. అలా బాధ కలగడమే స్పష్టమైన విశ్వాసమని తెలియజేశారు. మనసులో మెదిలే తలపులను, వాటిని ఆచరణలో పెట్టనంతవరకు, నోటితో పలకనంతవరకు, అల్లాహ్ ఈ సముదాయానికి మన్నించాడని మరో హదీసు చెబుతోంది. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

సోదరులారా! ఈ మాటను మీ ఇళ్లకు తీసుకువెళ్లండి. పసిబిడ్డను ఎత్తుకున్న తల్లికి "బిడ్డ చేతిలోంచి జారిపోతే?" అనే తలపు పదే పదే రావచ్చు, "నేనెంత పాపిష్టిదాన్ని" అని ఆమె లోలోపలే కుమిలిపోతుంటుంది. సజ్దాలో ఉన్న విశ్వాసికి అల్లాహ్ గురించి అనరాని మాట తోచవచ్చు. తన ఈమాన్ పోయిందని అతను వణికిపోతాడు. వారికి చెప్పండి: ఆ తలపును మీరు కోరలేదు, అసహ్యించుకుంటున్నారు. కోరని తలపుకు మీపై లెక్క లేదు.

వాదించకండి, ఆగిపోండి

షైతాన్ వచ్చి దీనిని ఎవరు సృష్టించారు, దానిని ఎవరు సృష్టించారు అని అడుగుతూ చివరకు అల్లాహ్ విషయంలోనూ అదే ప్రశ్న వేస్తాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ స్థితి వచ్చినప్పుడు రెండు పనులు చేయమన్నారు. మొదటిది, అల్లాహ్ శరణు వేడుకోవడం. రెండవది, అక్కడితో ఆగిపోవడం. ఆ ప్రశ్నతో కుస్తీ పట్టమని చెప్పలేదు. ఆలోచనను బలవంతంగా అణచమనీ చెప్పలేదు. దానిని అక్కడే వదిలి మన పనికి మనం మరలాలి.

హిజ్రీ పదవ శతాబ్దంలో మక్కాలో బోధించిన ఇమామ్ ఇబ్నె హజర్ హైతమీ (రహ్మతుల్లాహి అలైహి)ని వస్వసాకు మందేమిటని అడిగారు. దానిని బొత్తిగా పట్టించుకోకపోవడమే ఫలితమిచ్చే మందనీ, దాని మాట వినేవారికి అది పెరుగుతూనే పోతుందనీ ఆయన సమాధానమిచ్చారు.

ఎందుకు పెరుగుతుంది? అనుమానం వచ్చింది, మళ్లీ కడిగారు. రెండు నిమిషాలు ఊరట కలిగింది. ఆ ఊరటే ఉచ్చు. మళ్లీ కడగడం వల్లనే గండం తప్పిందని మనసు నేర్చుకుంటుంది. తర్వాతి అనుమానం ఇంకొంచెం గట్టిగా వస్తుంది, ఇంకొంచెం ఎక్కువ నీరు అడుగుతుంది. నేను ఆ యువకునికి ఇచ్చిన సలహా ఆ ఉచ్చును మరింత బిగించింది.

షరీఅత్ ఈ ద్వారాన్ని ముందే మూసింది. నిశ్చయంగా ఉన్నది అనుమానంతో తొలగిపోదన్నది ఫిఖ్హ్ మూలసూత్రం. నమాజ్‌లో వుజూ పోయిందేమోనని అనిపిస్తే, శబ్దం వినపడనంతవరకు, వాసన తెలియనంతవరకు నమాజ్ వదిలి వెళ్లవద్దని హదీసు ఆదేశించింది. రకఅత్‌ల సంఖ్యలో తరచుగా సందేహపడేవాడు బలంగా తోచినదాని ప్రకారం నడవాలనీ, ఏదీ తోచకపోతే తక్కువ సంఖ్యను లెక్కించి చివర సజ్దా సహ్వ్ చేయాలనీ హనఫీ పండితులు చెప్పారు. అంతేగాని నమాజ్‌ను మొదటి నుండి తిప్పి తిప్పి చదవమనలేదు. ఇక నీటి సంగతి: దైవప్రవక్త (స) ఒక 'ముద్' నీటితో వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (ర) తెలిపారు. అది మన ఇళ్లలోని చెంబెడు నీళ్లకు మించదు. మూడుసార్లకు మించి కడగడం హద్దు మీరడమని మరో హదీసు చెబుతోంది. అంటే నాల్గవసారి కడగడం జాగ్రత్త కాదు, అతిక్రమణ.

భయం ఉండగానే పని

కొందరు "ముందు ఈ భయం పోవాలి, ఆ తర్వాతే నా పని చేసుకుంటాను" అంటారు. దివ్య ఖుర్ఆన్ ఇందుకు భిన్నమైన మార్గం చూపింది. మూసా (అలైహిస్సలాం) తల్లిని తలచుకోండి. పసికందును నదిలో వదిలిన తర్వాత ఆమె హృదయం శూన్యమైపోయిందని సూరా 'అల్ ఖసస్' వర్ణించింది. రహస్యం బయటపెట్టేసే స్థితికి వచ్చింది. అల్లాహ్ ఆమె గుండెను దృఢపరిచాడు. ఆ వెంటనే ఆమె చేసిన పని గమనించండి: అతని వెనకాలే వెళ్లి చూడమని కూతురిని పంపింది. గుండెలోని దిగులు తీరాక చేసిన పని కాదది. బిడ్డ ఇంకా తిరిగి రాలేదు. గుబులును గుండెలో పెట్టుకునే తన వంతు పని చేసింది. మాంత్రికుల త్రాళ్లు పాకుతున్నట్లు కనిపించినప్పుడు మూసా (అ) సైతం లోలోన భయపడ్డారని సూరా 'తాహా' చెబుతోంది. ఆ భయానికి అల్లాహ్ ఆయనను నిందించలేదు. ధైర్యం చెప్పి, కుడిచేతిలో ఉన్నదానిని పడవేయమని ఆజ్ఞాపించాడు.

విధివ్రాతకు తలవంచడమంటే గుండె కొట్టుకోకపోవడం కాదు. కొట్టుకునే గుండెతోనే మన ముందున్న విధిని నెరవేర్చడం.

హృదయ సన్నిధి

ఈ సాధనకు అల్లాహ్ మనకు రోజుకు ఐదుసార్లు అవకాశమిచ్చాడు. నమాజ్‌లో చూపు ఎక్కడ ఉండాలో కూడా హనఫీ పండితులు నేర్పారు: నిలబడినప్పుడు సజ్దా చేసే చోట, రుకూలో పాదాలపై, సజ్దాలో ముక్కు కొనపై, కూర్చున్నప్పుడు ఒడిలో. చూపుకు చోటు దొరికితే మనసుకూ చోటు దొరుకుతుంది. నోరు పలికే మాటను చెవి వినాలి, దాని అర్థం మనసుకు తెలియాలి. అర్థం తెలియనివారు ముందుగా సూరా ఫాతిహా భావాన్ని తెలుగులోనో ఉర్దూలోనో నేర్చుకోండి.

అయినా మనసు దుకాణానికో, పిల్లవాని ఫీజుకో, గల్ఫ్‌లో ఉన్న కొడుకు దగ్గరికో పారిపోతుంది. పారిపోయినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఆ తిట్లు కూడా నమాజ్ నుండి దూరం చేసేవే. తెలిసిన క్షణంలో మెల్లగా తిరిగి రండి. పదిసార్లు పోతే పదిసార్లు తిరిగి రండి. అలా తిరిగి రావడం కూడా ప్రభువు వైపు మరలడమే.

వైద్యం ధర్మవిరుద్ధం కాదు

చివరగా ఒక ముఖ్య విషయం. వస్వసా వల్ల రోజులో గంటలు గడిచిపోతుంటే, నిద్ర, తిండి, సంపాదన, సంసారం దెబ్బతింటుంటే, అది ఈమాన్ బలహీనత కాదు; వైద్యం అవసరమైన వ్యాధి. మందు లేని వ్యాధిని అల్లాహ్ దింపలేదని దైవప్రవక్త (స) తెలిపారు. బల్ఖ్ ప్రాంతానికి చెందిన పండితుడు అబూ జైద్ బల్ఖీ (850–934) దేహారోగ్యంతో పాటు మనసు ఆరోగ్యం గురించి కూడా ఒకే గ్రంథంలో వ్రాశారు. వేధించే ఆలోచనలను విడిగా చర్చించారు. ఇంట్లో మందులు దాచుకున్నట్లే, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే మంచి తలపులను సమకూర్చుకోవాలని సలహా ఇచ్చారు. వెయ్యేళ్ల నాడే మన పెద్దలు మాట్లాడిన విషయానికి మనం ఈనాడు సిగ్గుపడుతున్నాం. 'ఎర్రగడ్డ' అనే మాటను ఎగతాళిగా వాడే అలవాటును మానుకుందాం. మానసిక వైద్యుని వద్దకు వెళ్లండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. దుఆ చేయండి, మందూ వాడండి.

ఆ యువకుని తండ్రి కొంతకాలానికి అతనిని వైద్యునికి చూపించాడు. నేను వెళ్లి క్షమాపణ కోరాను. "మూడుసార్లు కడుగు, కుళాయి కట్టెయ్, లేచి రా. అనుమానం అరిచినా సరే" అని చెప్పాను. తర్వాత చాలా రోజులు అతను వరుసలో నిలబడే ముందు "అయినట్టేనా హజ్రత్?" అన్నట్లు నా వైపు చూసేవాడు. ఆ చూపుకు అవునని చెప్పడం కూడా ఊరట అనే ఉచ్చేనని వైద్యుడు నాకు వివరించారు. అందుకే చిరునవ్వు నవ్వి వరుస సరిచేసుకోమనేవాడిని. ఇటీవల అతనే అన్నాడు: "ఇప్పటికీ అనుమానం వస్తుంది హజ్రత్. కానీ దాని కోసం నేను ఆగడం లేదు."

ఓ అల్లాహ్! దిగులు నుండి, దుఃఖం నుండి మమ్మల్ని నీ శరణులోకి తీసుకో. మా హృదయాలను నీ ధర్మంపై స్థిరపరచు. మాలో వ్యాధిగ్రస్తులకు స్వస్థతను, వారి కుటుంబాలకు సహనాన్ని ప్రసాదించు. ఆమీన్.