సముద్రం మీద నది నీళ్లు

టీవీలో తెల్లటి మేఘాల సుడి కనపడగానే అందరం అడిగేది ఒకటే: గాలి ఎంత? గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుపాను, అప్పుడే దానికి పేరు. 89కి చేరితే తీవ్ర తుపాను. పేరు రాగానే ఆ పేరు ఏ దేశం పెట్టిందన్న ముచ్చట్లు. కింద సముద్రం ఏ స్థితిలో ఉందో మాత్రం ఎవరికీ పట్టదు. తుపాను బలం సగం అక్కడే తేలిపోతుంది.

బంగాళాఖాతం ఒక రకంగా నదుల సముద్రం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, అన్నిటి వానాకాలపు వరదా చేరేది ఇందులోకే. ఆ మంచినీరు తేలిక కనుక వెంటనే ఉప్పునీటిలో కలవదు, పాల మీద మీగడలా పైన పరుచుకుంటుంది. మామూలుగా తుపాను గాలి సముద్రాన్ని చిలికితే లోపలి చల్లనీరు పైకొస్తుంది, తుపాను తన ఆజ్యానికి తానే గండి కొట్టుకుంటుంది. ఇక్కడ మాత్రం ఉప్పు తగ్గిన పై పొర ఆ చిలకడాన్ని లోతుకు పోనివ్వదు. తుపాను పుట్టడానికి 26.5 డిగ్రీల వెచ్చదనం చాలు. అక్టోబరు, నవంబరుల్లో మన సముద్రం తరచూ 28 డిగ్రీలు దాటి ఉంటుంది. అంటే ఆగస్టులో ధవళేశ్వరం దాటిన గోదావరి వరదకూ కార్తీకంలో వచ్చే తుపానుకూ చుట్టరికం ఉందన్నమాట.

అలాగైతే జూలైలో తుపాన్లు ఎందుకు అరుదు? అప్పుడు కింద నైరుతి గాలి, పైన తూర్పు గాలి ఎదురెదురుగా వీస్తాయి. మేఘాలు నిటారుగా గోపురం కట్టలేవు. అల్పపీడనాలూ వాయుగుండాలూ వానలిచ్చి ఒడిశా మీదుగా వెళ్లిపోతాయి.

నదుల పాత్ర అంతటితో అయిపోలేదు. కృష్ణా, గోదావరి వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రు డెల్టాను కట్టింది, ఆ తీరం ముందు సముద్రపు అడుగునూ మెరక చేసింది. గాలి నెట్టుకొచ్చిన నీటికి అక్కడ దిగడానికి లోతు దొరకదు, ఊళ్ల మీదికి ఎక్కుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖను చితక్కొట్టింది. అయినా నీరు మామూలు పోటు కంటే మీటరున్నర లోపే లేచింది. విశాఖ ముందు సముద్రం త్వరగా లోతెక్కడం అందుకొక కారణం. 1977 నవంబరు 19న వచ్చిన తుపానుకు కృష్ణా డెల్టాలోని దివిసీమలో లేచింది దాదాపు 5 మీటర్లు. ప్రాణాలు పోయింది పదివేల మందికి పైనే.

ఆ తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. ఉప్పెన మింగింది దివిసీమను. మన దగ్గర తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. కాబట్టి తీరం దాటే చోటుకు ఈశాన్యాన ఉన్న ఊళ్లకు గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, నీటిని తోస్తుంది. నైరుతి వైపు నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది. ‘తీరం దాటేది మా ఊళ్లో కాదులే’ అని నిశ్చింతగా ఉండటం ఎంత ప్రమాదమో దివిసీమే సాక్ష్యం.

ఇప్పుడు సముద్రం నాడి చూసే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది సముద్రమే లేని హైదరాబాద్‌లో. ఆర్గో అనే తేలియాడే యంత్రాలు సుమారు పదిరోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకొస్తూ ఉప్పూ వెచ్చదనమూ కొలిచి ఉపగ్రహాలకు చెబుతాయి. ఆ లెక్కలు తుపాను అంచనాల్లోకి వెళ్తాయి.

వాతావరణ శాఖ బులెటిన్‌లో ఉప్పెన గురించి ఒక వాక్యం ఉంటుంది, గాలి వేగం హోరులో అది కొట్టుకుపోతుంది. ‘మీటరు ఎత్తు’ అని అందులో ఉంటే, అది మామూలు పోటు మీద అదనం. తుపాను తీరం దాటే గంటకు పాటు నడుస్తుంటే కొంత నయం. అదే అమావాస్య పోటు అయితే, పల్లపు ఊళ్లు ఖాళీ చేయడానికి గాలి లేచేదాకా ఆగకూడదు.