అధికారిని ఫేస్‌బుక్‌లో విమర్శిస్తే కేసు పెడతారా? చట్టం ఏం చెబుతోంది?

మీ వీధిలో డ్రైనేజీ పొంగి పది రోజులైంది. ఫిర్యాదు చేసినా ఎవరూ రాలేదు. విసిగిపోయి ఫొటో తీసి, మున్సిపల్ అధికారి పేరు రాసి, 'ఈయన పని చేయరు, లంచం ముడితేనే కదులుతారు' అని ఫేస్‌బుక్‌లో పెట్టారు. సాయంత్రానికి పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్: 'ఒకసారి వచ్చి వెళ్లండి.'

ఆ ఒక్క పోస్టులో చట్టం దృష్టిలో రెండు వేర్వేరు మాటలున్నాయి. 'పని చేయరు' అన్నది అభిప్రాయం. 'లంచం ముడితేనే' అన్నది ఆరోపణ. మొదటిదానికి రక్షణ గట్టిగానే ఉంది. రెండోదానికి ఆధారం అడుగుతారు.

చట్టంలో ఏముంది?

రాజ్యాంగంలోని 19(1)(ఏ) అధికరణ భావప్రకటన స్వేచ్ఛ ఇస్తుంది. దానికి పెట్టగల పరిమితులను చెప్పే 19(2)లో పరువు నష్టం కూడా ఉంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ 499, 500 సెక్షన్ల స్థానంలో భారతీయ న్యాయ సంహిత 356 వచ్చింది. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సమాజ సేవ చేయమని కూడా ఆదేశించవచ్చు. పరువు నష్టాన్ని నేరంగా ఉంచడం సరైనదేనని 2016లో సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

చాలామందికి తెలియనిది ఆ సెక్షన్‌లోనే ఉన్న మినహాయింపుల సంగతి. ప్రభుత్వ ఉద్యోగి విధి నిర్వహణ తీరుపై సదుద్దేశంతో చెప్పిన అభిప్రాయం నేరం కాదు. ప్రజా ప్రయోజనం కోసం చెప్పిన నిజమూ నేరం కాదు. సంబంధిత పై అధికారికి సదుద్దేశంతో చేసిన ఫిర్యాదు కూడా అంతే. అందుకే లంచం సంగతి పోస్టులో కంటే ఏసీబీకి రాసి ఇవ్వడం మీకూ క్షేమం, దానికి పనీ జరుగుతుంది.

పరిహారం కోరుతూ సివిల్ దావా వేస్తేనో? 1994లో ఆటో శంకర్ ఆత్మకథ వ్యవహారంలో (రాజగోపాల్ కేసు) సుప్రీంకోర్టు తేల్చింది: ప్రభుత్వం గానీ, స్థానిక సంస్థ గానీ పరువు నష్టం దావా వేయలేవు. అధికారి తన విధులపై వచ్చిన విమర్శకు దావా గెలవాలంటే, అది అబద్ధమని, నిజానిజాలు పట్టించుకోకుండా రాశారని రుజువు చేయాలి.

మరి పోలీసులెందుకు ఫోన్ చేస్తారు?

పరువు నష్టం నాన్-కాగ్నిజబుల్ నేరం. దానిపై పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకూడదు. బాధితుడే మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు వేయాలి. కేసు స్వీకరించే ముందు మీ వాదన వినాలని కొత్త చట్టం, బీఎన్ఎస్ఎస్ 223, చెబుతోంది.

కాబట్టి ఆచరణలో వేరే సెక్షన్లు వస్తాయి: వదంతులు, వర్గాల మధ్య వైరం, ఉద్దేశపూర్వక అవమానం. ఒకప్పుడు దీనికి ఐటీ చట్టంలోని 66ఏ ఉండేది. దాన్ని 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా ఆ సెక్షన్ కింద కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి, 2022లో మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది!

మన దగ్గర తాజా తీర్పు ముఖ్యం. ముఖ్యమంత్రిని, అధికార పార్టీని విమర్శించిన ఎక్స్ పోస్టులపై నమోదైన మూడు ఎఫ్‌ఐఆర్‌లను 2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. ఫిర్యాదు చేసిన వ్యక్తి నిజంగా బాధితుడేనా చూడాలి, ప్రాథమిక విచారణ జరపాలి, యాంత్రికంగా అరెస్టు చేయకూడదు అంటూ పోలీసులకు మార్గదర్శకాలిచ్చింది. మాట ఘాటుగా ఉన్నంత మాత్రాన కేసు కాదని చెప్పింది.

ఎక్కడ దొరికిపోతారు?

అధికారి ఇంట్లో ఆడవాళ్ల గురించి రాసినా, ఫొటో మార్ఫింగ్ చేసినా, కులం పేరుతో తిట్టినా అది విమర్శ కిందికి రాదు. షేర్ చేసినవాళ్లకూ బాధ్యత ఉంటుంది. పరువు నష్టం కలిగించే పోస్టును రీట్వీట్ చేయడమూ ప్రచురణేనని 2024 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు అంది. 'ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్' అని రాసినంత మాత్రాన తప్పించుకోలేరు.

ఫోన్ వస్తే కంగారు పడొద్దు. ఏ కేసు, ఏ సెక్షన్ అని అడగండి, రాతపూర్వక నోటీసు ఇమ్మనండి. నోటీసు వస్తే మాత్రం తప్పక హాజరవ్వండి. ఫిర్యాదు నంబరు, ఫొటోలు, పోస్టు స్క్రీన్‌షాట్ దాచుకోండి. లాయర్ స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయొచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.