గడ్డికోత ట్రాక్టరు ట్రాన్స్‌మిషన్

ట్రాక్టరు ఇంజనులో పుట్టిన శక్తిని చక్రాలకు చేరవేసే యంత్రభాగాల సముదాయాన్ని ట్రాన్స్‌మిషన్ అంటారు. దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరు చాలాసేపు ఒకే వేగంతో తిన్నగా సాగుతుంది. రాళ్ళు, మొద్దులు, గుంతలు నిండిన బీడులో గడ్డి కోసేటప్పుడు మాత్రం అడుగడుగునా నెమ్మదించాలి, ఆగాలి, వెనక్కి రావాలి. అందుచేత దుక్కికి బాగా పనికివచ్చే ట్రాన్స్‌మిషన్ ఇటువంటి కోతకు అనువుగా ఉండకపోవచ్చు.

కోత యంత్రం

ఉత్తర అమెరికాలో ముదురు గడ్డిని, పొదలను కోయడానికి ట్రాక్టరు వెనుక రోటరీ కట్టరును తగిలిస్తారు. అలబామా రాష్ట్రంలోని సెల్మా పట్టణంలో 1951లో మొదలైన బుష్ హాగ్ సంస్థ పేరే అక్కడ ఈ యంత్రానికి వాడుక పేరుగా స్థిరపడింది. దీని బరువైన బ్లేడ్లను ట్రాక్టరు పి.టి.ఓ. షాఫ్టు తిప్పుతుంది. చిన్న ట్రాక్టర్లలో పి.టి.ఓ. ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు. కోత శుభ్రంగా రావాలంటే ట్రాక్టరు నెమ్మదించినా బ్లేడ్ల వేగం తగ్గరాదు. అంటే ఇంజను వేగాన్ని మార్చకుండా చక్రాల వేగాన్ని మాత్రమే మార్చగలగాలి.

క్లచ్చు, పి.టి.ఓ. సంబంధం

1939 - 1952 మధ్యకాలంలో తయారైన ఫోర్డ్ 9ఎన్, 2ఎన్, 8ఎన్ ట్రాక్టర్లలో పి.టి.ఓ.కు శక్తి గేరుబాక్సు ద్వారా అందుతుంది. క్లచ్చు తొక్కితే ఇంజనుతో సంబంధం తెగుతుంది గాని, గేరు వేసి ఉన్నంతసేపు పి.టి.ఓ.కు, చక్రాలకు మధ్య సంబంధం అలాగే ఉంటుంది. అప్పుడు తిరుగుతున్న బ్లేడ్ల జడత్వమే చక్రాలను తిప్పి ట్రాక్టరును ముందుకు నెడుతుంది. డ్రైవరు ఆపాననుకున్న బండి ఎదుటనున్న చెట్టు మీదికో, గుంతలోకో పోవచ్చు. దీనిని నివారించడానికి, శక్తిని ఒకే దిశలో పంపే ఓవర్‌రన్నింగ్ కప్లరును షాఫ్టుకు అమరుస్తారు.

డ్యూయల్ క్లచ్చులో పెడలును సగం తొక్కితే చక్రాలు మాత్రమే ఆగుతాయి. పూర్తిగా తొక్కితే పి.టి.ఓ. కూడా ఆగుతుంది. ఇండిపెండెంట్ పి.టి.ఓ.కు వేరే క్లచ్చు ఉంటుంది.

రకాలు

* గేరు ట్రాన్స్‌మిషన్: ధర తక్కువ, శక్తి నష్టం తక్కువ, మన్నిక ఎక్కువ. కాని సాధారణంగా గేరు మార్చిన ప్రతిసారీ క్లచ్చు తొక్కాలి.
* షటిల్ ట్రాన్స్‌మిషన్: ఒకే లీవరుతో ముందుకు, వెనుకకు మారవచ్చు. సింక్రో షటిల్‌లో క్లచ్చు తొక్కాలి. పవర్ షటిల్‌లో దిశ మార్చడానికి ఆ అవసరం లేదు.
* హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్: ఇంజను ఒక పంపును తిప్పుతుంది, పంపు నెట్టిన నూనె మోటారును, మోటారు చక్రాలను తిప్పుతాయి. పెడలుతో వేగాన్ని ఎంతైనా సన్నగా మార్చవచ్చు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ 1967లో ఫార్మాల్ 656 ట్రాక్టరులో దీనిని ప్రవేశపెట్టింది. కొంత శక్తి వేడిగా మారి నష్టపోవడం దీని లోపం.

ఎంపిక

అడ్డంకులు ఎక్కువగా ఉన్న చోట హైడ్రోస్టాటిక్ అనుకూలం. అయితే దట్టమైన గడ్డిలో ఇంజను కుంగుతుంటే పెడలును ఇంకా తొక్కరాదు, కొద్దిగా వదలాలి. ఎక్కువగా దున్నుతూ, అప్పుడప్పుడు మాత్రమే కోసేవారికి ఇండిపెండెంట్ పి.టి.ఓ. ఉన్న గేరు లేదా షటిల్ ట్రాక్టరు చాలు. భారతదేశంలో వ్యవసాయ ట్రాక్టర్లు ఎక్కువగా గేరు రకానివే. మామిడి తోటలో చెట్ల మధ్య కలుపు కోయించే తెలుగు రైతు సింగిల్ క్లచ్చుకు బదులు డ్యూయల్ క్లచ్చు ఉన్న బండిని ఎంచుకోవడం మేలు.

భద్రత

ఏ ట్రాన్స్‌మిషన్ అయినా కనబడని మొద్దునుండి కాపాడలేదు. కోతకు ముందు నేలంతా నడిచి చూసి, మొద్దులకు, రాళ్ళకు గుర్తులు పెట్టాలి. హైడ్రోస్టాటిక్ ట్రాక్టరును వాలులో న్యూట్రల్‌కు మార్చితే నూనె నిరోధం పోయి బండి జారుతుంది. కనుక రేంజి గేరును సమతలంలోనే మార్చి, ఆపిన తరువాత పార్కింగ్ బ్రేకు వేయాలి. అమెరికాలో 1976 అక్టోబరు 25 తరువాత తయారై, జీతగాళ్ళు నడిపే 20 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు, కొన్ని మినహాయింపులతో, బోల్తాపడినప్పుడు కాపాడే చట్రం తప్పనిసరి. ఆ చట్రం ఉన్నప్పుడు సీటు బెల్టు కూడా పెట్టుకోవాలి.

ఇవి కూడా చూడండి

* ట్రాక్టరు
* గేరు
* క్లచ్చు