తుఫాన్ అలర్ట్: బండి ఉంది కదా అని ధీమాగా ఉన్నారా..? రోడ్లు మూసేలోపే ఈ పనులు చేసుకోండి

2025 అక్టోబర్ 28. మొంథా తుఫాన్ తీరం దాటిన రాత్రి. ఏపీలోని ఏడు జిల్లాల్లో రాత్రి 8.30 నుంచి మరుసటి రోజు ఉదయం 6 గంటల వరకు రోడ్లపై వాహనాలు తిరగొద్దని ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. నేషనల్ హైవేలకూ అదే రూల్. అత్యవసర వైద్య సేవలకే మినహాయింపు. అంటే ఇంటి ముందు కారు ఉన్నా, ట్యాంక్ ఫుల్‌గా ఉన్నా.. 8.30 దాటాక గేటు దాటే అవకాశమే లేదు. "మరీ ముదిరితే అప్పుడు చూద్దాంలే, బండి ఉందిగా" అనుకునే వాళ్లు గమనించాల్సిన పాయింట్ ఇదే. సొంత బండి అక్కరకొచ్చేది రోడ్డు తెరిచి ఉన్నంతసేపే.

ఇంతకీ ఎప్పుడు కదలాలి..?

తీరంలో వాతావరణం చెడిపోవడానికి కనీసం 48 గంటల ముందు వాతావరణ శాఖ 'సైక్లోన్ అలర్ట్' ఇస్తుంది. 24 గంటల ముందు 'సైక్లోన్ వార్నింగ్' వస్తుంది. అలర్ట్ వచ్చిన రోజే బండి రెడీ అయిపోవాలి. వార్నింగ్ వచ్చాక లోతట్టు ఇళ్లవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, మంచంలో ఉన్న పెద్దవాళ్లు ఉన్న కుటుంబాలు బయల్దేరిపోవడమే మంచిది. అధికారులు ఖాళీ చేయమంటే ఇక ఆలోచించే పనే లేదు. టీవీల్లో కనిపించే 'మూడో నంబర్ ప్రమాద హెచ్చరిక' లాంటివి మాత్రం ఓడలు, పడవల కోసం పోర్టుల్లో ఎగరేసేవి. ఆ నంబర్ చూసి రోడ్డు ప్రయాణం ప్లాన్ చేసుకోకూడదు.

టూవీలర్ వాళ్లు ఇంకా ముందే కదలాలి. ఈదురుగాలి మొదలయ్యాక, వెనకాల భార్య, మధ్యలో పిల్లాడు, ముందు బ్యాగ్ పెట్టుకుని బైక్ నడపడం ప్రాణాలతో చెలగాటమే. ఇంట్లో బైక్ ఒక్కటే ఉండి నలుగురు వెళ్లాల్సి వస్తే, ఆటో ముందే మాట్లాడుకోవాలి. లేదంటే అధికారులు పెట్టే బస్సు ఎక్కడి నుంచి బయల్దేరుతుందో సచివాలయంలో కనుక్కోవాలి.

పెట్రోల్.. ఆ తర్వాతే ఏదైనా

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కుదిపేశాక ఏం జరిగిందో అక్కడివాళ్లకు బాగా గుర్తు. చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. పెట్రోల్ బంకుల ముందు పెద్ద పెద్ద క్యూలు. బంకులో పెట్రోల్ ఉన్నా, దాన్ని పైకి తోడే మోటార్‌కు కరెంటు కావాలి కదా! జనరేటర్ లేని బంకు మూతపడ్డట్టే. అందుకే తుఫాన్ల సీజన్‌లో ట్యాంక్ ఎప్పుడూ సగానికి తగ్గకుండా చూసుకుని, అలర్ట్ రాగానే ఫుల్ చేయించాలి. సీఎన్‌జీ కారైతే పెట్రోల్ ట్యాంక్ కూడా నింపుకోవాలి. ఈవీ అయితే కరెంటు ఉన్నప్పుడే ఫుల్ ఛార్జ్. క్యాన్లలో పెట్రోల్ పట్టించి డిక్కీలో పెట్టుకోవడం మాత్రం అస్సలొద్దు. మూసి ఉన్న కారులో ఆ ఆవిరి చాలు, నిప్పు అంటుకోవడానికి.

యూపీఐ మీదే ఆధారపడొద్దు. సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే, గూగుల్‌పే పనిచేయవు. వంద, రెండొందల నోట్లు కొన్ని దగ్గర పెట్టుకోవాలి.

ఇక బండి విషయానికొస్తే.. స్టెప్నీలో గాలి ఉందా? చాలామంది ఏళ్ల తరబడి చూడరు. జాకీ, వీల్ స్పానర్ కారులోనే ఉన్నాయా? వైపర్ రబ్బర్లు ఎండకి బిరుసెక్కితే ముందే మార్చేయాలి, జోరువానలో అద్దం కనిపించకపోతే అంతే సంగతులు. ఒక గట్టి తాడు, టార్చ్, కారులో ఛార్జ్ చేసుకునే కేబుల్ ఉంటే చాలు. వేలు పోసి కిట్లు కొనక్కర్లేదు.

అపార్ట్‌మెంట్ వాళ్లు సెల్లార్‌లోంచి కారును ముందే బయటికి తీయాలి. నీళ్లు మొదట చేరేది అక్కడికే. అలాగని చెట్టు కిందో, హోర్డింగ్ పక్కనో పెట్టొద్దు. ముందు భాగం రోడ్డు వైపు ఉండేలా పార్క్ చేస్తే, రాత్రిపూట రివర్స్ తిప్పలు ఉండవు. గోదావరి లంక గ్రామాల్లో అయితే కాజ్‌వే మునగకముందే బండిని అవతలి గట్టుకు చేర్చాలి. నీళ్లొచ్చాక బండి ఇటు, రోడ్డు అటు అయిపోతుంది.

ఒకసారి ఎక్కి చూడండి

అందరూ, అన్ని బ్యాగులూ నిజంగా పడతాయా? సీఎన్‌జీ కారులో సిలిండరే డిక్కీ మొత్తం తినేస్తుంది. అది తీరా బయల్దేరేటప్పుడు గుర్తొస్తే కంగారే. అందుకే ఎండ కాస్తున్న రోజే ఒకసారి సర్ది చూసుకోవాలి. నడవలేని నాన్నమ్మ ముందు సీట్లోనా, వెనకా? వీల్‌చైర్ మడిస్తే పడుతుందా? మందులు వారానికి సరిపడా, మంచినీళ్లు మనిషికి రోజుకు మూడు లీటర్ల లెక్కన, ఆధార్, పట్టాదార్ పాస్‌బుక్ లాంటివి నీళ్లు చొరబడని కవర్లో.. వీటికి చోటు మిగిలాకే మిగతా సామాన్లు. టీవీ, మిక్సీ వదిలేయండి. బరువు పెరిగేకొద్దీ కారు కిందికి దిగుతుంది. చిన్న కార్ల గ్రౌండ్ క్లియరెన్స్ మామూలుగానే జానెడు కూడా ఉండదు.

గొడ్లను వదిలి రాలేక ఇంట్లోనే ఉండిపోయే రైతులు చాలామంది. వాటిని ముందే మెరకకు తోలాలి. కుదరకపోతే కనీసం కట్లు విప్పేయాలి.

పారే నీళ్లలోకి దిగితే..

2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయి ఇద్దరు చనిపోయారు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చేయగలదు. రెండడుగులు వస్తే ఎస్‌యూవీ కూడా ఆగదు. పైగా కింద రోడ్డు తెగిందో లేదో నీళ్ల పైనుంచి తెలియదు. ముందు వెళ్లిన లారీని చూసి వెనకే పోవద్దు. లారీ బరువు వేరు, మీ కారు బరువు వేరు.

హెడ్‌రెస్ట్ పీకి అద్దం పగలగొట్టే రీల్స్ అందరూ చూసే ఉంటారు. కొన్ని చిన్న కార్లలో హెడ్‌రెస్ట్ సీటుతో కలిసిపోయి ఉంటుంది, బయటికే రాదు. మీ కారులో వస్తుందో లేదో ఇవాళే చూడండి. రాకపోతే గ్లాస్ హ్యామర్ కొని డ్రైవర్ చేతికి అందేలా పెట్టుకోండి. కొట్టాల్సింది పక్క అద్దం మూలలో. మధ్యలో కాదు, ముందు అద్దం అసలే కాదు.

నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే ఆ ఒక్క ప్రయత్నంతో ఇంజిన్ పోతుంది. ఇలా పోయిన ఇంజిన్‌కు 'ఇంజిన్ ప్రొటెక్ట్' యాడ్ఆన్ లేకపోతే సాధారణంగా క్లెయిమ్ రాదు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి రూపాయి కూడా రాదు. 2024లో బుడమేరు వరదకు విజయవాడ సింగ్ నగర్‌లో రోజుల తరబడి నీళ్లలో నానిన బండ్ల ఓనర్లకు ఈ తేడా బాగా తెలిసొచ్చింది. నీట మునిగిన ఈవీని మెకానిక్ చూసేదాకా ఛార్జింగ్ పెట్టకూడదు.

ఎమర్జెన్సీలో 112, ఏపీలో విపత్తుల కంట్రోల్ రూమ్‌కు 1070, నేషనల్ హైవేపై చిక్కుకుంటే 1033. ఫోన్ ఆఫ్ అయినా దొరికేలా ఈ నంబర్లు ఒక కాగితంపై రాసి డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి.