గన్నేరు గుండెను పట్టుకుంటే

బెంగళూరు నగర్తపేటలో పూజకు పూలు కావాలంటే అందరూ నడిచేది పక్కనున్న కె.ఆర్. మార్కెట్‌కే. అక్కడి గంపల్లో గన్నేరుకూ చోటుంది. శివుడికి ప్రీతి అయిన ఆ పువ్వు దేవుడి పాదాల దగ్గర ఉన్నంతవరకూ భయం లేదు, నోట్లోకి వెళ్తేనే ముప్పు. అందుకే 2024 మేలో కేరళలోని తిరువాంకూరు, మలబారు దేవస్వం బోర్డులు నైవేద్యంలో, ప్రసాదంలో గన్నేరును నిషేధించాయి.

ఎర్ర గన్నేరైనా పచ్చ గన్నేరైనా చెట్టు నిలువెల్లా కార్డియాక్ గ్లైకోసైడ్లే. గుండె జబ్బుకు వాడే డిగాక్సిన్ మాత్రకు ఇవి దగ్గరి చుట్టాలు. గుండె కణాల్లోంచి సోడియంను బయటికి తోసి, పొటాషియంను లోపలికి తెచ్చే పంపును ఇవి అడ్డుకుంటాయి. దాంతో కణంలో కాల్షియం పేరుకుంటుంది. డాక్టరు కొలిచి ఇచ్చిన డిగాక్సిన్‌తో నీరసించిన గుండె గట్టిగా కొట్టుకుంటుంది. మోతాదు మించితే లయ తప్పుతుంది. నాడి బాగా మందగించవచ్చు, లేదంటే గుండె కింది గదులు అదుపు తప్పి పరుగు పెట్టొచ్చు.

చికిత్స కూడా ఆ తీరును బట్టే. నాడి పడిపోతే ముందు అట్రోపిన్ ఇంజెక్షన్, అది చాలకపోతే తాత్కాలిక పేస్‌మేకర్. కింది గదులు అదుపు తప్పితే లిడోకెయిన్ లేదా ఫెనిటాయిన్. గుండె దడకు మామూలుగా ఇచ్చే వెరాపమిల్ ఇక్కడ మేలు కన్నా కీడే చేయవచ్చు.

డాక్టర్లు పదే పదే చూసేది పొటాషియం. గన్నేరు ఒక్కసారిగా ఎక్కినప్పుడు రక్తంలో పొటాషియం పెరిగితే విషం ముదిరినట్టే. ఏళ్లుగా డిగాక్సిన్ వాడుతున్న పెద్దవారి సంగతి వేరు. ఒంట్లో నీరు తీసే ఫ్రూసెమైడ్ మాత్రతో పొటాషియం తగ్గితే, మామూలు మోతాదే వికటించవచ్చు. ఆకలి చచ్చిపోవడం, వాంతులు, చూపు పచ్చబడడం దాని తొలి గుర్తులు.

అసలు విరుగుడు లేకపోలేదు. గొర్రెల రక్తం నుంచి తీసే యాంటీబాడీ ముక్కలు విషాన్ని పట్టి కట్టేస్తాయి. 1976లో బోస్టన్ వైద్యులు దీనితో డిగాక్సిన్ విషానికి గురైన రోగిని కాపాడారు. శ్రీలంకలో పచ్చ గన్నేరు తిన్నవారిపై జరిపిన పరీక్షలోనూ లయ త్వరగా సర్దుకుందని 2000లో తేలింది. అయితే ధర విపరీతం. మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల అది దొరకదు.

కాబట్టి గన్నేరు కడుపులోకి వెళ్లిందని తెలిస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నాలు మాని, 108కి ఫోన్ చేయాలి. మనిషి బాగానే కనిపిస్తున్నా ఇసిజి మానిటర్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. తిన్నది ఏమిటో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. మనసు కుంగి బతకాలనిపించనివారు ఏ వేళలోనైనా టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.